నీడపట్టున

రాయలసీమలో మే నెల పగలు ఉదయం పదకొండింటికే ఒకసారి ముగుస్తుంది. మళ్లీ మొదలయ్యేది సాయంత్రం నాలుగున్నర దాటాకే. నడుమ ఉన్న ఆ ఐదారు గంటల్లో కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఏ పల్లెకు పోయినా వీధిలో మనిషి జాడ కనిపించదు. అట్లని ఊరు ఖాళీగా లేదు. అరుగు బండ కింద కుక్క ఉంది. వసారాలో నులక మంచం మీద ముసలాయన ఉన్నాడు. కుడితి తొట్టి పక్కన తడి మట్టిలో రెక్కలు వాల్చుకుని కోళ్లున్నాయి. కానుగ కొమ్మల్లో ముక్కులు తెరుచుకుని కాకులున్నాయి. కాలువ గుంటలో తలలు మాత్రం బయటపెట్టి బర్రెలున్నాయి. అందరూ నీడపట్టున ఉన్నారు.

సీమ ఎండల గురించి ఎవరు చెప్పినా ముందు డిగ్రీల లెక్క వస్తుంది. మే నెలలో 40 దాటడం ఇక్కడ మామూలు. 44, 45 చూసే రోజులూ ఉంటాయి. ఆ అంకెలు నిజమే. కానీ అంత ఎండలో ఇన్ని ప్రాణులు ఒకే కాలువ గట్టున, ఒకే చెట్టు కింద ఎట్లా నెట్టుకొస్తున్నాయో అవి చెప్పవు. పెంపుడు జంతువని, అడవి జంతువని మనిషి గీసుకున్న గీత మిట్టమధ్యాహ్నం దాదాపు చెరిగిపోతుంది. అన్నిటికీ కావలసింది కాస్త నీడ, గుక్కెడు నీళ్లు, పొద్దు వాలేదాకా కదలకుండా ఉండగల చోటు.

ఆ చోటు ఎట్లా ఉంటుందో కుందూ పరివాహకంలో చూడొచ్చు. కుందూ నది నంద్యాల పక్క నుంచి దక్షిణానికి పారి, కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. దానికి తోడుగా కర్నూలు–కడప కాలువ. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ వాళ్లు సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి, పొలాలకు పారించడానికి, పడవలు నడపడానికి అని దీన్ని తవ్వడం మొదలుపెట్టారు. 1882లో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. పడవల ముచ్చట ఎప్పుడో పోయింది. నీళ్లు మిగిలాయి, నీళ్ల వెంట చెట్లు మిగిలాయి. వేసవిలో కాలువ కట్టేసినా తూముల దగ్గర, పల్లంగా ఉన్న చోట్ల గుంటలు నిలుస్తాయి. గట్టు మీద చింత, వేప, కానుగ. ఏప్రిల్ నాటికి కానుగ లేత ఆకులేసి నిగనిగలాడుతుంది. సరిగ్గా నీడ కావలసిన నెలల్లోనే నిండుగా నీడనిచ్చే చెట్టది.

అట్లాంటి గట్టు మీద, ఒక చింత కింద, వేసవి మధ్యాహ్నాలు గడిపే స్నేహితులు ఇద్దరున్నారు. ఒకాయన బడిలో పాఠాలు చెప్పి రిటైరైనాడు. రెండో ఆయన పుట్టినప్పటి నుంచీ గొర్ల వెంటే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఐదో తరగతితో ఒకరి చదువు ఆగిపోయింది గానీ స్నేహం ఆగలేదు. మాస్టారి వెంట ఒక నాటు కుక్క వస్తుంది. కాపరి వెంట మంద వస్తుంది. మజ్జిగ చెంబు ఒకరిది, సంగటి ముద్ద ఇంకొకరిది.

కుక్క వస్తూనే చేసే పని ఒకటుంది. చింత మొదట్లో వేళ్ల సందు చూసుకుని, ముందరి కాళ్లతో మట్టి తవ్వుతుంది. పైన పొడి మట్టి వేడిగా ఉంటుంది, దాన్ని వెనక్కి తోసేస్తుంది. జానెడు లోతున చల్లటి మట్టి తగిలాక, చుట్టూ ఒకసారి తిరిగి, పొట్ట ఆనించి పడుకుంటుంది. పొట్ట కింద వెంట్రుకలు తక్కువ. ఒంట్లో వేడి అక్కడి నుంచి మట్టిలోకి తొందరగా దిగుతుంది. కుక్కకు మనిషిలాగా ఒళ్లంతా చెమట పట్టదు. చెమట పట్టేది అరికాళ్లకే, అదీ కొంచెం. మిగతాదంతా నాలుక చూసుకోవాలి. నాలుక చాపి వగర్చినప్పుడు నోటి తడి ఆవిరై, దానితో పాటు వేడి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల దాకా ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. చిగుళ్లు బాగా ఎర్రబడి, చిక్కటి చొంగ కారుస్తూ, అడుగులు తడబడుతుంటే ఇక ఆలస్యం చేయకూడదు. నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు చర్మం దాకా తడిపి, విసనకర్రతో విసురుతూ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తారు రోడ్డు మీద మధ్యాహ్నం కుక్కను నడిపించేవాళ్లు ముందు తమ అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి చూడాలి. ఆ చెయ్యి ఓర్చుకోలేని వేడిని ఆ పాదాలూ ఓర్చుకోలేవు.

బర్రె కథ వేరు. నల్లటి చర్మం ఎండను పీల్చుకుంటుంది. పైగా ఆవుతో పోలిస్తే దానికి చెమట గ్రంథులు చాలా తక్కువ. అందుకే గుంట కనబడితే చాలు, పాలు పిండే వేళైనా ఇల్లు గుర్తుకు రాదు. ఒంటికి పట్టిన బురద ఎండేదాకా చల్లదనమిస్తుంది, ఎండాక జోరీగల నుంచి కాపాడుతుంది. చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన ఊళ్లో బర్రెను రేకుల షెడ్డులో కట్టేస్తే పాలు తగ్గాయని బాధపడటం కంటే, రోజుకు రెండుసార్లు దాని మీద నీళ్లు పోయడం మేలు.

గొర్లు గుంటలోకి దిగవు. వాటి ఉపాయం వాటిది. చెట్టు నీడ మందకంతా సరిపోనప్పుడు గుండ్రంగా గుమిగూడి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూరుస్తుంది. బయటి నుంచి చూస్తే తలలే కనిపించవు, వీపులు మాత్రమే. ప్రతి గొర్రే పక్క గొర్రెకు నీడ అవుతుంది. ఎండ అంతా ఒంటి మీద పడినా తల మీద పడకపోతే చాలని వాటికి ఎవరూ నేర్పలేదు. కోతలైపోయిన కాలువ కింది పొలాల్లో రాత్రిళ్లు ఈ మందలను ఆపుతారు. పెంట, మూత్రం నేలకు బలమని రైతు కాపరికి గింజలో డబ్బో ఇస్తాడు. వేసవిలో మంద బతికేది ఆ పొలాల మీద, వానాకాలంలో పొలం పండేది ఈ మంద చలవ మీద.

ఆ గట్టు మీద ఒక మధ్యాహ్నం మాస్టారు నీళ్ల కోసం తొట్టి దగ్గరికి లేవబోయాడు. కాపరి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కదలగాకప్పా. తీతువు వచ్చింది, సూడు."

తొట్టి నుంచి కారిన నీళ్లు చిన్న మడుగు కట్టిన చోట ఒక తీతువు పిట్ట దిగింది. పొడవాటి పసుపు కాళ్లు, కంటి ముందర ఎర్రటి తోలు. రెండు గుక్కలు తాగింది. తాగి పోలేదు. మడుగులోకి నడిచి, కాళ్లు మడిచి, పొట్ట నీళ్లలో ముంచింది. లేచి, అటూ ఇటూ చూసి, మళ్లీ ముంచింది. పొట్ట ఈకలు బరువుగా తడిశాక ఎగిరిపోయి, కంకర దిబ్బ మీద వాలింది. అక్కడ ఇంకొక తీతువు కాళ్ల మీద నిలబడి, రెక్కలు కొద్దిగా విప్పుకుని ఉంది. ఇది రాగానే అది తప్పుకుంది. తడి పొట్టతో వచ్చిన పిట్ట మెల్లగా కూర్చుంది.

"ఇంగ గుడ్లు సల్లబడతాయి," అన్నాడు కాపరి. "ఈ రాళ్లల్లో యాడున్నాయో నీకు కనపడవులే. కాలు పెట్టేదాకా తెలీదు."

తీతువు గూడు కట్టదు. రాళ్ల మధ్య చిన్న పల్లంలో, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. వాటి మీద మచ్చలు చుట్టూ ఉన్న కంకర రంగుకు సరిగ్గా సరిపోతాయి. చలి దేశాల్లో పొదగడమంటే గుడ్డుకు వేడి ఇవ్వడం. సీమ వేసవిలో పొదగడమంటే చాలా గంటలపాటు గుడ్డును వేడి నుంచి కాపాడటం. గాలి 42 డిగ్రీలుంటే ఎండ పడిన కంకర 60 దాటుతుంది. నీడ లేకుంటే లోపలి పిల్ల ఉడికిపోతుంది. అందుకే తల్లి, తండ్రి వంతులేసుకుని నిలబడతాయి, వంతులేసుకుని తడి తెస్తాయి. ఈ పొట్ట తడపడాన్ని పక్షి శాస్త్రజ్ఞులు ఎర్ర తీతువులోనూ పసుపు తీతువులోనూ గమనించి రాశారు. ఊళ్లో మాత్రం తీతువు అరిస్తే అశుభమంటారు. కాపరి అది ఒప్పుకోడు. రాత్రిపూట నక్క వచ్చినా, తోడేలు వచ్చినా మందకు ముందు చెప్పేది ఆ అరుపే.

నీళ్లు మోసే పిట్ట ఇంకొకటుంది, పొలంక. మెట్ట బీళ్లలో నేల రంగులో కలిసిపోయి తిరుగుతుంది. పొద్దున్నే గుంపులుగా నీళ్లకు వస్తుంది. మగ పొలంక పొట్ట ఈకలు నీటిని పీల్చి పట్టి ఉంచేలా అల్లుకుని ఉంటాయి. అవి తడుపుకుని దూరాన ఉన్న పిల్లల దగ్గరికి ఎగిరిపోతే, పిల్లలు ఆ ఈకలను నోట పట్టి నీళ్లు తాగుతాయి. ఎండ నేల మీద పిల్లలను పెంచడానికి ప్రకృతి చేసిన ఏర్పాట్లలో ఇంత ముద్దయినది ఇంకొకటి చెప్పడం కష్టం.

ఇవన్నీ బతకాలంటే బీడు బీడుగా ఉండాలి. ఈ మాట రైతుకు నచ్చదు, ప్రభుత్వ లెక్కల్లో ఇమడదు. కానీ రోళ్లపాడు చెప్పే కథ అదే. నంద్యాల జిల్లా మిడ్తూరు మండలంలోని ఆ గడ్డి నేలల్లో బట్టమేక పిట్టలున్నాయని తెలిశాక 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మనిషి నడుము దాకా వచ్చే పక్షి, మగది 15 కిలోల దాకా తూగుతుంది, నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కంచె లోపల గడ్డి మిగిలింది. కంచె బయట మెట్ట పొలాలకు నీళ్లొచ్చాయి, పైర్లు మారాయి, బట్టమేకకు తిరిగే చోటు తరిగిపోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 150 అని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో కృష్ణజింకలు మాత్రం పెరిగాయి. పంట మేస్తున్నాయని రైతులు గోల పెట్టేంతగా పెరిగాయి. ఆ గోలలో న్యాయముంది. జింక మేసిన పైరుకు సరైన నష్టపరిహారం సకాలంలో చేతికందితే, జింకతో కలిసి బతకడానికి రైతుకు అభ్యంతరం ఉండదు.

కడప వైపు లంకమల కొండల కింద ఇంకొక ప్రాణి ఉంది, కలివి కోడి. 1848లో పక్షి శాస్త్రజ్ఞుడు థామస్ జెర్డన్ దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్, అక్కడి పిట్టల వేటగాళ్ల సాయంతో మళ్లీ కనుక్కున్నాడు. పుస్తకాలు మరిచిపోయిన పిట్ట ఊరివాళ్లకు గుర్తుంది. దాని కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా కొంత మార్చారు. కలివి కోడి పగలంతా ముళ్ల పొదల నీడన కదలకుండా ఉండి, చీకటి పడ్డాకే తిరుగుతుంది. పనికిరాని కంప అని బుల్డోజరు పెట్టి చదును చేసే నేల ఎవరి పగటి ఇల్లో ఒక్కసారి ఆలోచించాలి.

ఈ సహవాసం నిన్న మొన్నటిది కాదు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884–85లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపి, గంపల కొద్దీ జంతువుల ఎముకలు తీశారు. ఆ గుహలను మళ్లీ తవ్వి పరిశీలించిన బృందం 2014లో అచ్చువేసిన పరిశోధనలో ఒక గొప్ప సంగతి ఉంది. గుర్తించగలిగిన 21 రకాల స్తన్య జంతువుల్లో ఒక్క కోతి జాతి తప్ప మిగతావన్నీ కనీసం లక్ష ఏళ్లుగా, వాటిలో చాలావరకు రెండు లక్షల ఏళ్లుగా ఈ ఉపఖండంలో నిలిచే ఉన్నాయి. ఆ మధ్యలో ఎన్ని కరువులొచ్చాయో. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో ఇప్పటికీ పొరలుగా కనిపిస్తుంది. అంతటిదాన్నీ తట్టుకున్నాయి. కారణం, ఇక్కడ అడవి, గడ్డి బీడు, కొండ, వాగు ఒకదానికొకటి ఆనుకుని ఉండటం. ఒక చోట కష్టమైతే ఇంకొక చోటికి నడిచిపోవడానికి దారి ఉండేది. ఎండను తట్టుకునే శక్తి ఆ ప్రాణుల ఒంట్లో ఎంత ఉందో, ఆ దారుల్లోనూ అంత ఉంది. మన కాలంలో తెగిపోతున్నది ఆ దారే.

మనుషుల ఇళ్లూ ఒకప్పుడు ఈ తెలివితోనే కట్టినవి. సీమలో పాత మిద్దెలకు మూరెడు మందం రాతి గోడలు, పైన దూలాల మీద మట్టి, ఆపైన చవుడు. ఎండ ఆ మందం దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు వాలేది. కింద నాపబండల నేల. మధ్యాహ్నం పిల్లలు, పిల్లి ఆ బండల మీదే దొర్లేవాళ్లు. గాలి పొడిగా ఉండటం వల్ల మట్టి కుండ కూడా ఇక్కడ బాగా పనిచేస్తుంది. కుండ గోడల గుండా ఊరిన నీరు చకచకా ఆవిరై లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఉక్కపోసే కోస్తాలో చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. సీమలో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడటానికి అది మేలే గానీ, ఎన్ని నీళ్లు పోయాయో మనిషికి తెలియదు. అందుకే దాహం వేయకపోయినా తాగమంటారు పెద్దలు.

ఇప్పుడు కడుతున్నవి సిమెంటు స్లాబులు, రేకుల కొట్టాలు. అరుగులు పోయి ఇనుప గేట్లు వచ్చాయి. అరుగు పోవడంతో వీధి కుక్కకు చోటు పోయింది, దారిన పోయే మనిషికీ చోటు పోయింది. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చింతచెట్ల బదులు నాటినవి చాలా చోట్ల పూల మొక్కలు. నంద్యాల నుంచి ప్రొద్దుటూరు దాకా మే నెలలో బైకు మీద పోయినవాళ్లకు, మధ్యలో ఆగడానికి ఒక చెట్టు దొరకడం ఎంత కష్టమో తెలుసు.

చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. నల్లమలలో అటవీ శాఖ వాళ్లు వేసవిలో ట్యాంకర్లతో సాసర్ పిట్లు నింపుతారు. మధ్యలో లోతుగా, అంచుల్లో వాలుగా ఉండే ఆ తొట్లలో జింక నుంచి తాబేలు దాకా ఏదైనా దిగి, తాగి, మళ్లీ ఎక్కిరాగలదు. ఆ వాలు ఇంటి తొట్టికీ కావాలి. నిలువు గోడల సిమెంటు తొట్టిలో పడిన ఉడత బయటికి రాలేదు. అందులో ఒక నాపబండ ఏటవాలుగా ఆనిస్తే ఎక్కి వస్తుంది. పిట్టల కోసం పెట్టే మూకుడు లోతు తక్కువుండాలి, లోపల రెండు రాళ్లుండాలి, పిల్లికి అందని చోట నీడన ఉండాలి. నీళ్లు రోజూ మార్చాలి, లేకుంటే దోమలు. చీకటి పడ్డాక తొట్టి దగ్గరికి పోయేటప్పుడు చేతిలో టార్చి ఉండాలి. పగలు బొరియల్లో దాగిన పాములు రాత్రి చల్లదనానికి, కప్పల కోసం తడి చోట్లకు వస్తాయి. రక్తపింజర కాలి కింద పడేదాకా కదలదు.

ఇంకొకటి. ప్రేమ పేరుతో పంజరంలో పెట్టిన రామచిలుకను వదిలేయాలి, లేదా అటవీ శాఖకు అప్పగించాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పెంచుకోవడం నేరం. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది ఆ చిలుకనే. రాష్ట్ర జంతువు కృష్ణజింక, రాష్ట్ర వృక్షం వేప. మూడూ సీమ ఎండలో పుట్టి పెరిగేవే. వేప కొమ్మన స్వేచ్ఛగా ఉన్న చిలుక మధ్యాహ్నానికి తన నీడ తానే చూసుకుంటుంది. రేకుల వసారాలో వేలాడే పంజరంలో ఆ వీలు లేదు.

రోహిణి కార్తె పోయి మృగశిర వస్తే వేప పండ్లు రాలుతాయి. వేప గింజకు మొలిచే శక్తి ఎక్కువ కాలం ఉండదు. రెండు మూడు వారాలు దాటితే సగానికి సగం పనికిరాకుండా పోతాయి. అందుకని కాపరి పండ్లు రాలిన రోజే గంపకెత్తుతాడు. మాస్టారు గుజ్జు కడిగి నీడన ఆరబెట్టి, మట్టి నింపిన పాల ప్యాకెట్లలో పెడతాడు. తూము నుంచి రోడ్డు దాకా గట్టు మీద చెట్టు లేని జాగా చాలానే ఉంది. మొక్క మోకాలెత్తు అయ్యేదాకా గొర్లు ముట్టకుండా చుట్టూ కంప కట్టాలి. ఆ పని కాపరి తన మీద వేసుకున్నాడు. ఈసారి వేపతో పాటు కానుగ కూడా పెడదామని ఇద్దరూ అనుకుంటున్నారు.